చిన్నాయన కలుగు తవ్విన రోజు

మా చిన్నాయన చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి కింద ఎర్రటి వలయం చూపించగానే నాకు దీపావళి మరునాటి కలుగు గుర్తొచ్చింది. ఆ మాట పైకి అన్నాను. ఆయన నవ్వాడు.

"నీ చదువంతా ఎలుకల మీదికే పోయిందా అమ్మా?"

నేను డాక్టరును కాను. కర్నూలులో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో పందొమ్మిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. జనం గోకి, గిల్లి, దగ్గి, ఉమ్మి ఇచ్చినవన్నీ మా బల్ల మీదికి వస్తాయి. చర్మం పొట్టు, గోరు ముక్కలు, జొన్నాకు కోసుకుని పుండుపడ్డ కంటి నుంచి డాక్టరు గీసి తీసిన ఆవగింజంత పదార్థం. వాటిలో బూజు ఉందా లేదా చూడడం నా పని. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు "కోడలు ఆసుపత్రిలో బూజు దులుపుతుంది" అని ఎవరితోనో చెబితే విన్నాను. సరిదిద్దలేదు. ఒక రకంగా నిజమే.

ఇక ఆ కలుగు సంగతి.

మాది పత్తికొండ దగ్గర పల్లె. చిన్నాయనకు బోరు కింద రెండెకరాల వేరుశనగ. మా వైపు వాటిని బుడ్డలు అంటాం. పండగకు ఊరికి వెళ్లినప్పుడు పంట పీకి, చెట్లను చేనులో వరుసలుగా ఎండబెట్టి ఉన్నారు. తూర్పు గట్టు పొడవునా మాత్రం చెట్లున్నాయి గానీ కాయలు లేవు. వేళ్ల దగ్గర కొరికిన ముచ్చికలే మిగిలాయి. చిన్నాయన ఆ గట్టు వెంట నడిచి ఒకచోట ఆగి, కాలి బొటనవేలితో మట్టిని తట్టి చూపించాడు. చుట్టూ ఎండిపోయి పెంకు కట్టిన నేలలో ఆ ఒక్కచోట తడి మట్టి, బుట్టెడు, గుండ్రంగా కుప్ప పోసి ఉంది. దాని పక్కనే రంధ్రం, లోపలి నుంచి కొత్త మట్టితో బిరడా కొట్టినట్టు మూసి ఉంది.

"ఇంట్లోనే ఉంది. తలుపేసుకుంది" అన్నాడు.

పార, గడ్డపార తెచ్చారు. ఆయన మనవడు, ఎనిమిదేళ్లవాడు, ఖాళీ గోనెసంచి పట్టుకుని నిలబడ్డాడు. మొదటి మలుపు ఎటూ పోకుండా ఆగిపోయింది. రెండోది రెండుగా చీలింది. ఒక కొమ్మ చివర గూడు కనిపించింది. నమిలి దూది చేసిన ఆకులు, గోనెపీచు, ఎరువుల సంచి నుంచి కొరికిన నీలం ప్లాస్టిక్ పేలికలు. ఇంకో మూర లోతున అసలైన గది తగిలింది. బుడ్డలు ఎవరో చేత్తో సర్దినట్టు ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి. పెద్దవి, గట్టివి, రెండు గింజలవి. తాలు కాయ వెతికినా లేదు. మా పిన్ని రెండు చేటలు నింపింది. ఈ లోపల ఆ ఇంటి యజమాని గట్టుకు అటు పక్కనున్న దొంగదారిలో బయటపడి, కుక్క చూసేలోగా జొన్నచేలో కలిసిపోయింది. పందికొక్కు. పిల్లి పిల్లంత ఉంది.

నాకు బాగా గుర్తున్నది ఆ గది తెరుచుకున్నప్పటి వాసన. తడి మట్టి, మూత్రం, ముక్కిన గింజలు కలిసిన వెచ్చటి వాసన. పార దెబ్బ పడిన ప్రతిసారీ సన్నటి దుమ్ము లేచి ఎండలో నిలిచింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. చిన్నాయన చూసి, "ఆసుపత్రిలో అందరి రోగాలూ ముట్టుకుంటావు, మన చేని మట్టికి భయపడతావా?" అన్నాడు. తల కలుగులో దూర్చి, మోచేయి దాకా చేయి పెట్టి చివరి గుప్పెడు బుడ్డలు తీశాడు. మూడు వారాల తర్వాత వలయం వచ్చింది ఆ చేతి మీదే.

ఇలా కలుగులు తవ్వి తిండి తెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి 1839లో ధార్వాడ ప్రాంతపు జంతువుల పట్టిక ఒకటి అచ్చువేశాడు. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించిన ఎలియట్ ఈయనే. చెరువులు తవ్వే వడ్డెరలు కోతల కాలంలో కొక్కు కలుగులను తవ్వి, దొరికిన ధాన్యంతోనే ఆ రోజులన్నీ దాదాపు గడిపేసేవారని, ఒక్కో కలుగులో అరసేరు దాకా గింజలు, ఒక్కోసారి జొన్న కంకులకు కంకులే దొరికేవని రాశాడు. ఆ జంతువుకు అప్పట్లో శాస్త్రంలో పెట్టిన ఒక పేరు 'కోక్'. కొక్కు తోక తెగింది, అంతే. మెట్ట ఎలుకకు ఇప్పటికీ ఉన్న శాస్త్రీయ నామం 'మెల్టాడా'. వడ్డెరలు దాన్ని పిలిచే పేరు 'మెట్టాడె' అని ఎలియట్ రాసుకుంటే, అచ్చులోకి వచ్చేసరికి అలా మారింది. నాకైతే అందులో 'మెట్ట' అన్న మాటే వినిపిస్తుంది. ఇక పందికొక్కు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని బాండికూట్ చేసుకుని ఆస్ట్రేలియా దాకా తీసుకుపోయి, సంబంధమే లేని, పిల్లల్ని సంచిలో మోసే ఇంకో జంతువుకు తగిలించారు. మనం ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో పందికొక్కు ఒకటని చెబితే మా అబ్బాయి రెండు రోజులు నమ్మలేదు.

ఇప్పుడు చేతి మీది వలయం.

చిన్నాయన కర్నూలు వచ్చేసరికి దానికి ఒక చరిత్ర ఏర్పడింది. ఊళ్లో మందుల షాపులో ట్యూబు ఇచ్చారు. మూడు నాలుగు మందులు ఒకే ట్యూబులో కలిపి అమ్ముతారు చూడండి, అది. అందులో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. రాసిన మూడో రోజుకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. రోగి సంతోషిస్తాడు. కింద బూజు ఇంకా సంతోషిస్తుంది. దాన్ని అడ్డుకోవలసిన ఒంటి కాపలాను ఆ స్టెరాయిడ్ నిద్రపుచ్చింది కదా. ట్యూబు ఆపగానే వలయం రెండింతలై తిరిగి వస్తుంది, అంచులు చెదిరి, తామర అని గుర్తుపట్టలేనంతగా. మా దగ్గరికి వచ్చే తామర నమూనాల్లో సగానికి సగం ఇలా ట్యూబు తిన్నవే. ఈ విషయంలో నాకు ఓపిక నశించింది. చిన్నాయన కాబట్టి తిట్టగలిగాను, మిగతావాళ్లను ఆ మాత్రం కూడా అనలేను.

చర్మ వైద్యుడికి చూపించి, వలయం అంచు నుంచి పొట్టు గీయించాను. గాజు పలక మీద ఆ పొట్టు, దాని మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, పైన పల్చటి గాజు మూత. ఇరవై నిమిషాలు ఆగితే చర్మ కణాలు కరిగి అద్దంలా అవుతాయి, బూజు మాత్రం కరగదు. సూక్ష్మదర్శినిలో పెట్టాను. ఉంది. అద్దం మీద ఎవరో పెన్సిలుతో కొమ్మలు గీసినట్టు, సన్నటి పోగులు, మధ్యమధ్య అడ్డుగీతలు. చిన్నాయనను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"బుడ్డల వేర్లలా ఉంది."

ఆ పోలిక నాకు పందొమ్మిదేళ్లలో తట్టలేదు.

మిగతా పొట్టును బూజు పెంచడానికి వాడే సబురో అగర్ మీద నాటి ఎదురు చూశాను. పదో రోజుకు మైదాపిండి చల్లినట్టు తెల్లటి చాప పరుచుకుంది. అందులో చిటికెడు తీసి నీలిరంగు మందులో చూస్తే ద్రాక్ష గుత్తుల్లా గుండ్రటి చిన్న బీజాలు, వాటి మధ్య గోడ గడియారం స్ప్రింగులా చుట్టలు తిరిగిన పోగులు. ఆ చుట్టలు చూసి నేను కుర్చీలోంచి లేచాను. ట్రైకోఫైటన్ మెంటాగ్రోఫైటిస్ గుంపు. ఎలుకలకు, చుంచులకు సహజంగా పట్టే తామర అదే. వియత్నాం యుద్ధంలో మెకాంగ్ డెల్టాలో మోకాళ్ల దాకా బురదలో తిరిగిన అమెరికా సైనికులకు ఈ తామర కాళ్లంతా పట్టి మంచాన పడేస్తే, దాని మూలం వెతికినవాళ్లు అక్కడి ఎలుకల ఒంటి మీద అదే ఫంగస్‌ను పట్టుకున్నారు. ఇక నా కేసు తేలిపోయిందనుకున్నాను. కలుగు, చేయి, మూడు వారాలు, చుట్టలు తిరిగిన పోగులు. పందికొక్కు దొరికిపోయింది.

ఆ సాయంత్రం గర్వంగా ఊరికి ఫోను చేశాను. పిన్ని ఎత్తింది. చెప్పిందంతా విని, "అదేమిటి, బుడ్డోడికి శ్రావణం నుంచే ఉంది కదా నడుం చుట్టూ. కోడలికీ ఉంది. అందరికీ ఆ ట్యూబే రాస్తున్నాం" అంది.

శ్రావణమంటే కలుగు తవ్వడానికి మూడు నెలల ముందు. ఆ ఇంట్లో స్నానాల గది బయట దండెం మీద ఒకే తువ్వాలు ఉంటుంది. నేనూ పండక్కి దానితోనే ముఖం తుడుచుకున్నాను.

సంగతేమిటంటే, మన దేశంలో కొన్నేళ్లుగా ఇంటింటికీ పాకుతున్న మొండి తామరకు కారణమైన ఫంగస్ ఈ గుంపుకు దగ్గరి చుట్టమే. 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని విడిగా పేరు పెట్టారు. పేరులోనే మనం ఉన్నాం. టెర్బినఫిన్ అనే మంచి మందును అది చాలాసార్లు లెక్కచేయదు. ఎలుకతో దానికి పని లేదు, మనిషి నుంచి మనిషికి, తువ్వాలు నుంచి తువ్వాలుకు పోతుంది. ఆ రెండింటినీ నా సూక్ష్మదర్శిని వేరుచేయలేదు, జన్యుపరీక్ష చేయాలి. మా దగ్గర ఆ వసతి లేదు. కాబట్టి చిన్నాయన కేసులో పందికొక్కు మీద నేరం రుజువు కాలేదు. తువ్వాలు మీద అనుమానం బలంగా ఉంది.

రెండు రోజులు చిన్నబుచ్చుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, నాకంటే ఎంతో పెద్దవాళ్లు ఇదే ఎలుక దగ్గర ఇలాగే తడబడ్డారని.

చెస్టర్ ఎమన్స్ అని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో బూజుల మీదే పనిచేయడానికి నియమించిన మొదటి శాస్త్రవేత్త. 1940ల మొదట్లో ఆయన, ఆయన సహచరుడు ఆష్‌బర్న్ ఆరిజోనా ఎడారిలో అడవి ఎలుకలను పట్టి ఊపిరితిత్తులు కోసి చూశారు. చెంపల్లో గింజల సంచులుండే చుంచులు, రెండు కాళ్ల మీద గెంతే కంగారూ ఎలుకలు. వాటిలో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ దొరికింది. అక్కడ మనుషులకు 'లోయ జ్వరం' తెచ్చేది ఇదే. దానితో పాటు ఇంకో వింత బూజు కూడా కనిపించింది. ఊపిరితిత్తిలో పడ్డ దాని బీజం పిల్లలు పెట్టదు, పాకదు, ఉన్నచోటే బెలూనులా ఉబ్బుతుంది, అంతే. తర్వాతి కాలంలో దాన్ని ఎమన్స్ పేరుతోనే పిలిచారు. ఈ ఫలితాలు 1942లో వెలువడ్డాయి. ఎలుకే ఈ రోగానికి ఇల్లు అన్న ఆలోచన అప్పుడు బలపడింది.

కానీ అంతకు పదేళ్ల ముందే, 1932లో, కాలిఫోర్నియాలో అదే ఫంగస్‌ను మట్టి నుంచే తీసినవాళ్లున్నారు. 1956లో మరో ఇద్దరు కాలిఫోర్నియాలోనే శాన్ వాకీన్ లోయ మట్టిని చోటుచోటునా తవ్వి చూస్తే ఎక్కువగా దొరికింది ఎలుక కలుగుల మట్టిలోనే. ఇప్పుడు చెప్పండి, ఎలుక మట్టికి ఇచ్చిందా, మట్టి ఎలుకకు ఇచ్చిందా? చాలాకాలం మట్టి వాదమే గెలిచింది. ఎలుక కూడా మనలాంటి బాధితురాలే, ఆ దుమ్ములో పడుకుంటుంది కాబట్టి దానికీ పట్టిందన్నారు. మళ్లీ 2019లో జాన్ టేలర్, బ్రిజెట్ బార్కర్ అనే ఇద్దరు ఎలుకను బోనులోకి తెచ్చారు. ఈ ఫంగస్ జన్యువులు చూస్తే, ఆకులు అలములు కుళ్లబెట్టే పరికరాలు చాలావరకు పోయాయి, మాంసం, వెంట్రుక, చర్మం అరిగించుకునే పరికరాలు పెరిగాయి. మట్టిలో ఆకు తిని బతికేదానికి ఇవెందుకు? వాళ్ల ఊహ ఇలా సాగుతుంది. బతికున్న ఎలుక ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కట్టించుకుని ఫంగస్ ఊరికే కూర్చుంటుంది. ఎలుకకు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఎలుక తన చావు తాను చచ్చిన రోజున గడ్డ తెరుచుకుంటుంది. కళేబరమంతా దానిదే. తిని, పోగులుగా పెరిగి, ఎండాక ముక్కలై కలుగు దుమ్ములో కలుస్తుంది. తర్వాత అందులో చేరే ఎలుక ఆ దుమ్ము పీలుస్తుంది. అంటే ఫంగస్ దృష్టిలో మట్టి తాత్కాలిక మకాం, ఎలుక సొంత ఇల్లు. మనం దారి తప్పి వచ్చిన చుట్టాలం. నాకు ఈ ఊహ చాలా ఇష్టం. అది నిజమని తేలిందని మాత్రం అనను, పేరులోనే దాన్ని పరికల్పన అన్నారు.

ఈ ఎడారి ఎలుకల గోల కర్నూలులో ఎందుకు అంటారేమో. నా చిన్ననాటి స్నేహితురాలి కొడుకు ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇక్కడ వీధికి ముగ్గురు అమెరికాలో ఉన్నారు, అందులో ఒకరైనా ఆరిజోనాలో. అబ్బాయికి నెలరోజులు దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు. ఎక్స్‌రేలో మచ్చ. ఇక్కడ తల్లి టీబీ అని ఖాయం చేసుకుని ఏడుపు. మనవాళ్లకు దగ్గు, మచ్చ అంటే ఇంకో జబ్బు తోచదు. రక్తపరీక్షలో లోయ జ్వరం అని తేలింది. కొన్ని వారాలకు దానంతట అదే తగ్గింది. చాలామందికి అలాగే తగ్గుతుంది, సోకినవాళ్లలో సగానికి పైగా మందికి అసలు ఏ లక్షణమూ కనిపించదు. మనిషి నుంచి మనిషికి అంటదు. ఆమె నాకు ఫోను చేసి అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎలుకల వల్ల వస్తుందని ఎక్కడో చదివాను. వాడుండేది ఆరో అంతస్తు. ఎలుక ఎలా ఎక్కింది?"

ఎలుక ఎక్కనక్కర్లేదు. ఎక్కడో ఎడారిలో ఎప్పుడో చచ్చిన చుంచు మట్టి అయింది, ఇళ్ల స్థలాల కోసం యంత్రం ఆ నేలను తిరగేసింది, గాలి లేచింది, ఆరో అంతస్తు కిటికీ తెరిచి ఉంది. అది చెబితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కిటికీలు మూసుకోమంటాను" అంది.

మన దేశంలో ఎలుకకు, ఫంగస్‌కు, మనిషికి ముడిపడిన కథ చూడాలంటే మణిపూర్ వెళ్లాలి. దాని మొదలు మాత్రం వియత్నాంలో. 1956లో దలాత్ పట్టణంలోని పాశ్చర్ సంస్థలో, ప్రయోగాల కోసం తెచ్చిన వెదురు ఎలుక ఒకటి చచ్చిపోయింది. వెదురు వేళ్లు తింటూ నేల కింద బతికే బొద్దు జంతువు అది. కోసి చూస్తే లోపల కొత్త ఫంగస్. సంస్థ డైరెక్టరు మార్నెఫ్ పేరు పెట్టారు దానికి. గది వేడిలో పెంచితే బూజులా పెరిగి అగర్ అంతటికీ కుంకుమ కలిపినట్టు ఎర్రరంగు ఎక్కిస్తుంది. అదే ఒంటి వేడిలో పెంచితే రంగు లేని, గుండ్రటి ఈస్టుగా మారిపోతుంది. పగలు ఒక వేషం, రాత్రి ఒక వేషం. దాని మీద పనిచేసిన సెగ్రెటాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ప్రయోగశాల జంతువులకు ఎక్కించే సూదితో 1959లో పొరపాటున తన వేలే గుచ్చుకున్నాడు. వేలి మీద కణితి, తర్వాత చంకలో గడ్డ. మనిషికి ఇది సోకుతుందని అలా తెలిసింది. ఆయన మందులతో కోలుకున్నాడు. సూదితో పనిచేసే ప్రతి ల్యాబ్ మనిషికీ ఈ కథ చెప్పాలి. నేను మా కొత్త పిల్లలకు చెబుతాను. వాళ్లు ఆ వారం జాగ్రత్తగా ఉంటారు.

ఎయిడ్స్ వచ్చాక ఆ ఫంగస్ ఆగ్నేయాసియాలో వేలమంది మీద పడింది. మణిపూర్‌లో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లలో 1990ల చివర బయటపడింది. 2004లో అక్కడి చిన్న వెదురు ఎలుకల్లోనూ అదే ఉందని మన పరిశోధకులు చూపించారు. ఇక ఎలుకే తెచ్చిందని జనం అనుకున్నారు, ఆ ప్రాంతాల్లో వెదురు ఎలుకను తింటారు కూడా. కానీ 1997లో ఉత్తర థాయ్‌లాండ్‌లో రోగులను, రోగం లేనివాళ్లను పోల్చి ఆరా తీస్తే, వెదురు ఎలుకను ముట్టుకోవడానికి, తినడానికి సంబంధం కనిపించలేదు. కనిపించింది దేనికంటే, వానాకాలంలో మట్టి పని చేయడానికి.

అది చదివినప్పుడు నాకు చిన్నాయన మోచేయి కళ్ల ముందు కదిలింది.

మరి మన పందికొక్కు? దాని మీద కూడా ఒక కేసుంది. 2007లో జబల్‌పూర్ పరిశోధకులు వెదురు పొదల్లో పట్టిన పెద్ద పందికొక్కు అవయవాల్లో క్రిప్టోకాకస్ ఉందని ప్రకటించారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మెదడు పొరల వాపు తెచ్చే ఈస్టు అది. మేము వెన్నునీటిలో నల్లసిరా కలిపి చూస్తాం. నల్లటి ఆకాశంలో ఒక్కో చందమామ చుట్టూ వలయం గుడి కట్టినట్టు కనిపిస్తుంది. చూడడానికి అందంగా ఉంటుంది, కాగితం మీద ఫలితం రాయడానికి చేయి రాదు. అయితే ఆ ఈస్టు పావురాల రెట్టలో, చెట్ల తొర్రల్లో కూడా ఉంటుంది. పందికొక్కుకు కూడా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు.

ఈ కథలు విని పిల్లిని పెంచుతానంది మా ఎదురింటావిడ. బ్రెజిల్ సంగతి చెప్పక తప్పలేదు. స్పోరోథ్రిక్స్ అని ముల్లు గుచ్చుకుంటే మనిషికి పట్టే ఫంగస్ ఒకటుంది. అది ఎలుకలకు సహజంగా పట్టడం 1907లో సావో పాలోలో లుట్జ్, స్ప్లెండోర్ చూశారు. శతాబ్దం చివర రియోలో పిల్లులకు పట్టడం మొదలై, తర్వాతి ఏళ్లలో వేలకొద్దీ పిల్లులకు పట్టి, వాటి గోటి గీరుల నుంచి మనుషులకు పాకింది. ఎదురింటావిడ ఆలోచన మానుకుంది. పిల్లులకు నేను చేసిన అన్యాయం ఇదొక్కటే, మన వైపు పిల్లులకు ఆ రోగం ఉన్నట్టు నా అనుభవంలో లేదు.

ఇంత చెప్పాక భయపెట్టి వదిలేస్తున్నానేమో. నిజానికి ఆశ్చర్యపోవలసింది మనకు ఇన్ని బూజులు పట్టనందుకు. గాలిలో, మట్టిలో, చద్దిమూటలో ఎక్కడ చూసినా వాటి బీజాలే. లక్షల జాతుల్లో మనిషిని పీడించగలవి కొన్ని వందలు మాత్రమే. మనల్ని కాపాడేది చాలావరకు మన ఒంటి వేడి. 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 6 శాతం జాతులు తట్టుకోలేక తప్పుకుంటాయని 2009లో లెక్క కట్టారు. ఎలుక ఒళ్లూ మనంత వెచ్చగానే ఉంటుంది. అందుకే ఎలుక ఒంట్లో బతకడం నేర్చుకున్న బూజుకు మన ఒళ్లు కొత్తగా తోచదు, పరీక్ష ముందే రాసేసి ఉంటుంది. ఎలుకల గురించి నేను పట్టించుకునేది ఇందుకే. అవి తెచ్చి మన మీద చల్లుతాయని కాదు.

పొలంలో ఎలుకల వల్ల నిజంగా భయపడవలసింది ముందు ఎలుక జ్వరానికే. అది బూజు కాదు, బ్యాక్టీరియా, మూత్రంతో తడిసిన నీటిలో ఉంటుంది. కాలికి పుండు ఉండి మడిలో దిగేవాళ్లు దాని గురించి తెలుసుకోవాలి. అది వేరే పోస్టు.

చిన్నాయనకు ట్యూబు మాన్పించి, డాక్టరు రాసిన మాత్రలు వేయించాం. ఇంటిల్లిపాదికీ ఒకేసారి. ఎవరి తువ్వాలు వారికి, ఎండలో ఆరాలి. ఈ రెండో షరతుకు పిన్ని చాలా నొచ్చుకుంది, పరాయివాళ్ల ఇంట్లో ఉన్నట్టుందట. ఎనిమిది వారాలకు వలయాలు పోయాయి. మా ల్యాబుకు వచ్చే కాగితంలో పేరు, వయసు, వార్డు, ఏమి పంపారు అని నాలుగు గడులే ఉంటాయి. నేను ఇప్పుడు నమూనా ఇవ్వడానికి వచ్చినవాళ్లను ఇంకొకటి అడిగి అంచున పెన్సిలుతో రాస్తున్నాను: ఏ పని చేస్తారు, ఈ నెలలో ఏమి తవ్వారు. పోయిన వారం వచ్చిన జవాబుల్లో బావి పూడిక, పాత గోడ, శ్మశానంలో గుంత, పసుపు కొమ్ములు ఉన్నాయి. పై డాక్టరు ఒకరు చూసి ఇదేమిటన్నారు. చెప్పాను. కొట్టేయమనలేదు.

సంక్రాంతికి చిన్నాయన బస్సు డ్రైవరు చేత గోనెసంచి పంపాడు. ఐదారు కిలోల బుడ్డలు. ఫోనులో అడిగాను.

"ఇవి చేనువా, కలుగువా?"

"నీకెందుకు? వేయించుకుని తిను" అన్నాడు.

నాకు ఇంకో బూజు భయం కూడా ఉంది. పెంకు పగిలిన, కొరికిన వేరుశనగలో పసుపుపచ్చటి ఆస్పర్జిల్లస్ పెరిగి కాలేయాన్ని దెబ్బతీసే విషం వదులుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అలాంటి వేరుశనగ పిండి తినే చచ్చాయి. అందుకని రాత్రి భోజనాలయ్యాక వరండాలో పేపరు పరిచి, కాయకాయా లైటుకు ఎత్తి చూస్తూ ఏరాను. బాగున్నాయి. పెద్దవి, గట్టివి, రెండు గింజలవి, తాలు ఒక్కటీ లేదు. ముచ్చిక దగ్గర పళ్ల గాట్లు ఉన్నవి పదకొండు తేలాయి.

వెంటనే ఫోను చేశాను. చిన్నాయన ఎత్తలేదు.